ఇంటికి చేరిన ఓడలు

అక్టోబరు 17
గాలి ఈశాన్యం నుంచి, నెమ్మది. పాదరసం మామూలు. నేటి జోడీ: హోప్‌వెల్ ఓడ, 1838.

పై వరస తప్ప ఈ రోజువారీ పుస్తకంలో ఇంకో ముక్క రాయకూడదని శాలాధికారి వేదాద్రిగారి ఆజ్ఞ. ఆయన దీన్ని తెరిచి చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తుండదు. కాబట్టి మిగతా పేజీ నాది.

పొద్దున్నే వాతావరణశాల బురుజెక్కి నేను చేసే పని ఇదీ. గాలి ఒత్తిడి కొలిచే గాజుగొట్టంలో పాదరసం ఎంత ఎత్తున ఉందో చూడాలి. జెండా ఎటు కొట్టుకుంటోందో చూడాలి. బకెట్టుకి తాడు కట్టి సముద్రంలోకి వదిలి, నీళ్ళు తోడి, ఎంత వెచ్చగా ఉన్నాయో కొలవాలి. ఈ అంకెలన్నీ పంతులుకి చెప్పాలి. పంతులంటే మనిషి కాదు, యంత్రం. పూర్వం తెరచాప ఓడల్లో తిరిగిన కెప్టెన్లు పూటపూటకీ రాసిపెట్టిన వాతావరణమంతా దాని పొట్టలో ఉంది. మన అంకెలు ఇవ్వగానే, ఆ లక్షల రోజుల్లోంచి ఇవాళ్టికి సరిగ్గా సరిపోయే రోజు ఒకటి వెతికి తీస్తుంది. దాన్ని జోడీ రోజు అంటారు. ఆ ఓడకి మర్నాడు ఏమైందో మనకీ రేపు అదే అవుతుందని లెక్క. నేను దాన్ని మైకులో చదువుతాను. నీళ్ళ మీద తేలే మా తెప్పలపేట మొత్తం పళ్ళు తోముకోవడం ఆపి వింటుంది.

పైన తిరిగే ఉపగ్రహాలు ఒకదాన్నొకటి గుద్దుకుని చెత్తయిపోయాక ఇంతకంటే గతి లేకపోయింది. ఒప్పుకుంటాను. ఇప్పటికీ సాయంత్రాలు వాటి తునకలు మండుతూ రాలుతుంటే పిల్లలు చప్పట్లు కొడతారు. కానీ గతిలేక పట్టుకున్నదాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగడం ఏమిటి? మా పేటలో జోడీ చూడకుండా పెళ్ళి చెయ్యరు, పడవ దించరు. మంచి ఎండ కాసిన రోజు ఏ ఓడ జోడీ అయితే ఆ ఓడ పేరు పుట్టిన పిల్లకి పెడతారు. మా పక్క తెప్ప మీద హోప్‌వెల్ అప్పారావని ఒకడున్నాడు. వాడి చెల్లెలు మార్గరెట్టమ్మ.

వీళ్ళు ఆ కెప్టెన్లని దేవుళ్ళనుకుంటారు. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ చేతిరాత చదువుతున్నాను, వాళ్ళ సంగతి నన్నడగండి. ఒకడు గాలి గురించి అర వాక్యం రాసి, పుచ్చిపోయిన పంది మాంసం గురించి పేజీ నింపుతాడు. ఇంకొకడికి ఎప్పుడూ వంటవాడి మీద అనుమానం. హోప్‌వెల్ ఓడ రెండో అధికారి అయితే వారం పొడుగునా ఒకటే ముక్క రాశాడు: ‘పైన చెప్పినట్టే’. డెక్కు మీదికి వచ్చి చూసినవాడు అలా రాయడు. ఆ బద్ధకస్తుడి రోజునే ఇవాళ మైకులో చదివాను. జనం దణ్ణం పెట్టుకున్నారు.

అక్టోబరు 18
గాలి ఈశాన్యం, నెమ్మది. పాదరసం మామూలు. నేటి జోడీ: లేడీ మార్గరెట్, 1851.

పొద్దున్న ప్రకటన అయ్యాక మా తమ్ముడు లోవరాజు బురుజు కింద నిలబడి, చేతిని మైకులా పట్టుకుని, అచ్చం నా గొంతుతో అరిచాడు.

‘‘నేటి జోడీ మారగరెట్టమ్మ! ఆవిడికి రాత్రి అజీర్తి సేసినాది కాబట్టి ఇయ్యాల ఎవులూ రొయ్యలు తినకండి!’’

చుట్టూ ఉన్నవాళ్ళు చెంపలు వేసుకున్నారు. ఒక ముసలాయన వాడి మీదికి చేతికర్ర ఎత్తాడు. నేను పైన నవ్వలేక చచ్చాను.

అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. అక్షరాలు నేర్పింది నేనే, ఈ నవ్వు నేర్పిందీ నేనే. జోడీని ఖాతరు చెయ్యని మనుషులు ఈ పేటలో ఇద్దరమే, నేనూ వాడూ. పడవకి తండేలు, ముగ్గురు మనుషుల్ని వెంటేసుకుని వేటకెళ్తాడు, అయినా నాకింకా చిన్నపిల్లాడే. ఈ పేటలో నేను వెక్కిరించని మనిషి ఎవరైనా ఉన్నారంటే వాడే. వాడంటే నాకు ప్రాణం. వాడి పెళ్ళాం బంగారి మాత్రం జోడీ వినకుండా పొయ్యి వెలిగించదు. వాడు ఇంట్లోనూ వెక్కిరిస్తాడట, అది వినిపించుకోదట.

మధ్యాహ్నం కొత్తగా దొరికిన ఓడ పుస్తకం ఒకటి చదివి పంతులుకి ఎక్కిస్తుంటే వేదాద్రిగారు వెనక నిలబడ్డారు.

‘‘ముత్యాలూ, ఇది పూర్తి పుస్తకమేనా?’’

‘‘కాదండీ. సగంలో ఆగిపోయింది. ఓడ మునిగిపోతుంటే చిన్న పడవలోకి దూకినవాళ్ళెవరో దీన్ని తెచ్చారు.’’

‘‘మరైతే ఎందుకు చదువుతున్నావు? పెట్టెలో పడెయ్.’’

గది మూల ఒక రేకు పెట్టె ఉంది. దాని పేరే అశుభం పెట్టె. పంతులుకి ఇంటికి చేరిన ఓడ పుస్తకమే తినిపించాలని మా శాల కట్టుబాటు. మునిగిన ఓడ మనకి జోడీ అయి, దాని పేరు మైకులో వినబడితే ఇంకేమైనా ఉందా! అందుకని సగంలో ఆగిపోయిన పుస్తకాలన్నీ ఆ పెట్టెలో పడుంటాయి. పొరపాటున చెయ్యి తగిలితే వేదాద్రిగారు కాళ్ళు కడుక్కుని వస్తారు.

‘‘తుఫానులో చిక్కుకున్నవాళ్ళని పెట్టెలో పెట్టి మూతేసి, చిక్కుకోనివాళ్ళని పిలిచి తుఫాను ఉందా అని అడుగుతున్నామండీ మనం’’ అన్నాను.

‘‘నీకన్నీ ఎకసెక్కాలే. జడిసిపోయిన పేట వేటకెళ్ళదు. వేటకెళ్ళని పేట తినదు. పదిమందికి ధైర్యం చెప్పడం మన పని.’’

ధైర్యం చెప్పడానికి యంత్రం ఎందుకు, తాయెత్తు చాలు కదా అన్నాను. ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళారు.

అక్టోబరు 19
గాలి ఈశాన్యం, ఆగి ఆగి. పాదరసం లేవలేదు. నేటి జోడీ: సెయింట్ కెనెల్మ్, 1860.

లేవలేదు అన్న మాట ఈ పుస్తకంలో రాయడం ఇదే మొదటిసారి అనుకుంటాను. మన సముద్రం మీద పాదరసానికి ఒక అలవాటుంది. రోజూ పొద్దుటి పూట పదింటి దాకా కాస్త పైకి లేచి, సాయంత్రానికి కాస్త దిగుతుంది. ఎండైనా ముసురైనా ఆ లేవడం దిగడం మానదు. ఇవాళ పదయింది, పదకొండయింది, అది తెల్లారి ఎక్కడుందో అక్కడే కూర్చుంది. పైగా గాలి పెద్దగా లేకుండానే ఆగ్నేయం నుంచి పొడుగాటి అలలు వస్తున్నాయి. ఎక్కడో దూరాన ఎవరో సముద్రాన్ని కలుపుతున్నారు.

పొద్దున్నే పంతులుని అడిగితే సెయింట్ కెనెల్మ్ ఓడని చూపించింది. మర్నాడు: ఆకాశం నిర్మలం, గాలి హాయిగా ఉంది, కెప్టెన్ గడ్డం గీసుకున్నాడు. మైకులో చదివాను. కింద అందరూ ఎంత బాగుందో అనుకున్నారు.

నేను మాత్రం ఆ ఓడ పుస్తకం మొత్తం తీసి చదివాను. అందులో కథ ఇంకోలా ఉంది. ఆ కెప్టెన్ కూడా పాదరసం లేవకపోవడం చూశాడు. చూసి, తెరచాపలన్నీ ఎత్తించి, ఓడని దక్షిణానికి తిప్పి ప్రాణభయంతో పరిగెత్తాడు. తుఫాను వెనకే ఉండిపోయింది. అందుకే మర్నాడు గడ్డం గీసుకునే తీరిక దొరికింది. పంతులుకి ఈ పరుగు సంగతి తెలీదు. ఓడ ఎక్కడుందో రాసిన గడిలో తప్పులెక్కువని వేదాద్రిగారు ఏనాడో దాన్ని తీసేయించారు. దానికి తెలిసిందల్లా ఇవాళ ఇలా ఉంది, రేపు అలా ఉంది. ఓడ పారిపోగలదు, కొండకి గొలుసులతో కట్టేసిన తెప్పలపేట ఎక్కడికి పారిపోతుంది?

ఇదంతా వేదాద్రిగారికి చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు, అది ఒప్పుకోవాలి.

‘‘పోయినేడు రెండుసార్లు జోడీ తప్పని గొడవ చేశావు ముత్యాలూ. రెండుసార్లూ ఎండ కాసింది.’’

‘‘అప్పుడు పాదరసం లేచిందండీ. అప్పుడు నాది అనుమానమే.’’

‘‘ఇప్పుడూ అనుమానమే. రోజూ వెక్కిరించేదానివి ఒక రోజు నిజం చెప్తున్నానంటే ఎలా పోల్చుకోమంటావు?’’

నాకు ఒళ్ళు మండింది. ఆ పుస్తకం మూసి బీరువాలో పెట్టేశాను.

అక్టోబరు 20
గాలి ఈశాన్యం, విసురుగా. పాదరసం దిగుతోంది. నేటి జోడీ: మళ్ళీ సెయింట్ కెనెల్మ్. రేపటికీ ఎండేనట.

మధ్యాహ్నం లోవరాజు ఇంటికి అన్నానికి వెళ్ళాను. బంగారి చేపల పులుసు పోసింది. బయట సముద్రంలో లోతు తక్కువున్న మెరక దగ్గర వంజరం చేపలు దిగాయని పేటంతా ఒకటే హడావిడి. రేపు తెల్లారి నలభై పడవలూ అక్కడికే పోతున్నాయి. ఈ కొండ చాటు దాటితే ఆ మెరక దగ్గర తల దాచుకోవడానికి ఏమీ లేదు.

‘‘రేపు వెళ్ళకురా’’ అన్నాను.

‘‘పంతులేటన్నాడు?’’

‘‘ఎండన్నాడు.’’

‘‘మరి?’’

‘‘పంతులు మాట నువ్వెప్పుడు విన్నావు?’’

‘‘నువ్వేకదప్పా ఇననివ్వనిది!’’ అని నవ్వాడు. ‘‘పాదరసం మాటా అంతే. పోయినేడు నువ్వు రెండు తూర్లు తుఫానన్నావు. రెండు తూర్లూ నాను వల మానీసేను. రెండు తూర్లూ ఎండ కాసీసింది. అందరూ పంతుల్ని నమ్మి సెడితే నాను మా అప్పని నమ్మి సెడ్డానని నవ్వేరు.’’

‘‘ఊరికే అనకు మావా, ఆవిడ మాట ఇను’’ అంది బంగారి.

‘‘నువ్వు మొన్నటిదాకా మారగరెట్టమ్మ మాట ఇనమన్నావు. ఇప్పుడు అప్ప మాటంటావు. ఏదో ఒకటి తేల్చే.’’

అప్పుడైనా నాకు భయంగా ఉందిరా అనాల్సింది. అనలేదు. మా ఇద్దరి మధ్య అలాంటి మాటలు అలవాటు లేవు. ‘‘సరే వెళ్ళు, వంజరం నీకంటే తెలివైంది, ఈపాటికి లోతుకి దిగిపోయుంటుంది’’ అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

తిన్నగా శాలకి వచ్చాను. వేదాద్రిగారు నిద్రపోయే వేళ. రేకు పెట్టె మూత తీశాను. పేజీకి పేజీ చదువుతూ ఎక్కించడం మొదలుపెట్టాను. క్లారిస్సా, తర్వాత ఇంకో ఐదు. అన్నీ అక్టోబరు, నవంబరు నెలల్లో, మన సముద్రంలోనే ఆగిపోయిన పుస్తకాలు. వీటిలో కుళ్ళిన మాంసం గురించి ఎవడూ రాయలేదు. చివరి పేజీల్లో అక్షరాలు కూడా శుభ్రంగా ఉన్నాయి, అది నాకు చిరాకు తెప్పించింది. ఓడ విరుగుతుంటే తేదీ కింద గీత అంత తిన్నగా ఎలా గీశావయ్యా?

పొద్దు వాలేసరికి ఆరు పుస్తకాలూ పంతులు పొట్టలో ఉన్నాయి.

అక్టోబరు 21, ఉదయం
గాలి ఉత్తరానికి తిరిగింది. పాదరసం ఇంకా దిగింది. నేటి జోడీ: క్లారిస్సా, 1842.

ఈ పేరు నేను ఎంచుకున్నది కాదు. అంకెలు ఇచ్చాను, పంతులు తనంతట తానే తీసింది. ఇంతకంటే దగ్గరగా సరిపోయిన జోడీ నేను ఇరవై ఏళ్ళలో చూడలేదు. పాదరసం, గాలి, నీటి వేడి, అల, అన్నీ మనవే.

మైకు పట్టుకుని చదివాను. ‘‘నేటి జోడీ క్లారిస్సా. మర్నాడు గాలి ఉత్తరం, పెరుగుతోంది. తెరచాపలు దించాము. సాయంత్రం పెద్ద తెరచాప కొయ్య విరిగింది. ఆ తర్వాత రాత లేదు.’’

కింద ఎవరో ఆడమనిషి శోకం తీసింది. అంతే, పడవల దగ్గర నుంచి మనుషులు వెనక్కి పరిగెత్తారు. నీళ్ళలోకి దించిన పడవల్ని పైకి లాగుతున్నారు. కొబ్బరికాయలు పగులుతున్నాయి. ఇరవై ఏళ్ళు గాలి గురించి, పాదరసం గురించి గొంతు చించుకుని చెప్తే చెవిన పెట్టనివాళ్ళు ఒక చచ్చిన ఓడ పేరు వినగానే కట్టిపడేసినట్టు ఆగిపోయారు. నాకు అసహ్యం వేసింది. గర్వం కూడా వేసింది, దాచడం ఎందుకు.

వేదాద్రిగారు రొప్పుతూ మెట్లెక్కి వచ్చారు.

‘‘ఎవర్నడిగి తినిపించావు?’’

‘‘మిమ్మల్ని అడిగితే ఒప్పుకునేవారా?’’

‘‘ఇవాళ ఒక్క ఇంట్లో పొయ్యి వెలగదు, తెలుసా నీకు?’’

‘‘ఎల్లుండి వెలిగించుకోవడానికి మనుషులుంటారు.’’

ఆయన ఇంకేదో అనబోయి గాజుగొట్టం వైపు చూశారు. దగ్గరకెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశారు. నా కుర్చీలో కూర్చున్నారు.

నేను కిటికీ దగ్గరకెళ్ళి, లాగిన పడవల్ని చూసి మురిసిపోతున్నాను. అప్పుడు కొండ ముక్కు అవతల ఒక తెరచాప కనిపించింది. దాని కింది మూల నీలం గుడ్డ అతుకు ఉంది. ఆ అతుకు వేసింది నేనే.

మైకులో లోవరాజుని పేరు పెట్టి అరిచాను. రారా అన్నాను, నీకు దణ్ణం పెడతాను రారా అన్నాను. పేటంతా విన్నది. గాలి ఎదురు కొడుతోంది, వాడి దాకా పోలేదు.

అదే రోజు, సాయంత్రం
గాలి ఉత్తరం, బాగా హెచ్చు. పాదరసం చూస్తుండగానే దిగుతోంది.

బంగారి చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

‘‘మైకులో పేరు ఇనగానే ముగ్గురు మనుషులూ పడవ దిగిపోనారు వదినా. ఈయన దిగలేదు. నవ్వుతానే ఉన్నాడు. మా అప్ప నిన్న అన్నంకాడ నా సేతిలో ఓడిపోనాది, ఇయ్యాల మైకులో గెల్సీసింది, సచ్చిన ఓడ పేరెట్టి మీ అందర్నీ ఎర్రోళ్ళని సేసీసింది, అన్నాడు. మీరు జడిసిపోండి, మెరక మీద సేపంతా నాదే, మజ్జాన్నానికి వొచ్చీత్తాను, అన్నాడు. నేను తాడట్టుకున్నాను వదినా. నా సెయ్యి ఇడిపించుకుని ఎల్లిపోనాడు.’’

నలభై పడవల్లో ముప్ఫై తొమ్మిది ఆగిపోయాయి. జోడీని నమ్మినవాళ్ళందరూ ఒడ్డున ఉన్నారు. దాన్ని నమ్మొద్దని నేను ఎవడికి నేర్పానో వాడొక్కడే నీళ్ళ మీద ఉన్నాడు. ఇది వేళాకోళం కాదురా అని వాడికి ఎలా తెలియాలి? నా గొంతులో ఎప్పుడూ వేళాకోళమే విన్నాడు.

అక్టోబరు 22
గాలి తెల్లవారుజామున వాయవ్యం, తర్వాత పడమర. కొలవడానికి జెండా లేదు. పాదరసం మధ్యాహ్నం నుంచి లేస్తోంది. జోడీ చూడలేదు.

తెప్పలు పద్దెనిమిది గొలుసు తెంపుకున్నాయి. కొండ చాటున ఉండబట్టి మనుషులెవరూ పోలేదు. బురుజు కప్పు సగం ఎగిరిపోయింది, పంతులు గది తడవలేదు.

తుఫాను మా ఉత్తరాన తీరం దాటిందని గాలి తిరిగిన తీరును బట్టి తెలుస్తోంది. పడమటి గాలి అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి తోసే గాలి. పడవ విరగకుండా ఉంటే చాలా లోపలికి కొట్టుకుపోయి ఉంటుంది. ఉంటే అన్న మాట రాసి కొట్టేసి మళ్ళీ రాశాను.

అక్టోబరు 23
గాలి నైరుతి, నెమ్మది. పాదరసం మామూలు. ఎండ.

వెతకడానికి వెళ్ళిన నాలుగు పడవలు సాయంత్రానికి తిరిగొచ్చాయి. ఒక వల ముక్క దొరికింది. అది మాది కాదని బంగారి అంది. నేనూ కాదన్నాను.

మధ్యాహ్నం నాకు సన్మానం చేశారు. రానంటే ఇంటికొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. తెరచాప గుడ్డతో కుట్టిన శాలువా కప్పారు. పెద్ద తండేలు కళ్ళనీళ్ళు పెట్టుకుని నా కాళ్ళ మీద పడబోయాడు. వేదాద్రిగారు ఉపన్యాసం ఇచ్చారు. సగంలో ఆగిన పుస్తకాలే మన అసలు రక్షకులు, ఈ సంగతి శాల ఎప్పటినుంచో ఆలోచిస్తోంది, ఇకమీదట వాటిని అశుభం అనడానికి వీల్లేదు, అన్నారు. చప్పట్లు మోగాయి. రేకు పెట్టెకి పసుపు రాసి, దండ వేసి, వేదిక మీద నా పక్కనే పెట్టారు. తుఫాను వేళ పుట్టిన ఆడపిల్లకి క్లారిస్సమ్మ అని పేరు పెట్టారు.

నలభై పడవలూ దక్కాయని ఎవరో మైకులో అన్నారు. పక్కనున్నవాడు మోచేత్తో పొడిచాక ముప్ఫై తొమ్మిది అని దిద్దుకున్నాడు. ఇంకొకప్పుడైతే ఈ తంతు గురించి నాలుగు పేజీలు రాసి నవ్వుకునేదాన్ని. నవ్వు వచ్చినా చెప్పుకోవడానికి ఇప్పుడు మనిషి లేడు.

అక్టోబరు 24
గాలి నైరుతి, నెమ్మది. పాదరసం మామూలు.

పొద్దున్న బకెట్టు పైకి లాగుతుంటే మెట్ల మీద అలికిడయింది. బంగారి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అది ఈ బురుజెక్కడం ఇదే మొదటిసారి. తల దువ్వుకోలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, గుడిలోకి వచ్చినట్టు లోపలికి వచ్చింది.

‘‘వదినా, ఇయ్యాల జోడీ ఏటి?’’

‘‘ఇంకా చూడలేదే.’’

‘‘సూడు. ఆయనకేటవుద్దో సూడు.’’

పంతులుకి ఆయన ఎవరో తెలీదు, దానికి గాలీ పాదరసమూ తప్ప మనిషి తెలీదు, అని చెప్పాలి. ఈ మాట ఈ పేటలో అందరికీ వెయ్యిసార్లు చెప్పాను, దీనికీ చెప్పాను. ఇప్పుడు దాని మొహం చూస్తూ చెప్పలేకపోయాను.

అంకెలు ఇచ్చాను. జోడీ వచ్చింది. హోప్‌వెల్ ఓడ, ఆ బద్ధకస్తుడి చేతిరాత. ‘పైన చెప్పినట్టే’.

‘‘ఏటంటంది?’’

‘‘ఉండు. ఇది సరిగ్గా లేదు. నేను చూస్తాను’’ అన్నాను.

లేచి బీరువాలు తెరిచాను. ఏ పుస్తకంలో ఏముందో నాకు పంతులు కంటే బాగా తెలుసు. తుఫాను లోపలికి తోసేస్తే తెరచాప గుడ్డలో వాన నీళ్ళు పట్టుకుని తాగుతూ బతికినవాళ్ళున్నారు. కొయ్య విరిగిపోతే తెడ్డు నిలబెట్టి దానికి చొక్కాలు కట్టి నడిపించినవాళ్ళున్నారు. ఇంటి దగ్గర దినం చేసేశాక రేవులోకి వచ్చి నిలబడ్డవాడు ఒకడున్నాడు. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాను. ఇంటికి చేరినవాళ్ళ మాటే వింటున్నామని ఇరవై ఏళ్ళుగా తిట్టిపోశాను. ఈ బీరువాల్లో ఉన్నవాళ్ళందరూ చేరినవాళ్ళే. ఇవాళ నాకు వాళ్ళే కావాలి.

పసుపు రాసిన ఆ రేకు పెట్టె మళ్ళీ మూలకి వచ్చి చేరింది. దాన్ని ఈడ్చుకెళ్ళి బయట మెట్ల మీద పెట్టి, తలుపు వేసి, గడియ పెట్టాను. చేతులు కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చుని, తీసిపెట్టిన పుస్తకాల్లో ఒకటి తెరిచాను.

‘‘ఇదేనా వదినా ఇయ్యాల్టి జోడీ?’’

‘‘ఇదే’’ అన్నాను. చదవడం మొదలుపెట్టాను. ‘‘తుఫాను వెళ్ళిన మూడో రోజు. తీరం కనిపించడం లేదు. నీళ్ళు కొంచెం ఉన్నాయి. అందరం బాగానే ఉన్నాము.’’

బంగారి నేల మీద కూర్చుని నా మోకాలి మీద తల పెట్టుకుంది.

‘‘మర్నాడో?’’ అంది.

పేజీ తిప్పాను.